రక్తం తిరిగొచ్చాక రెండో దెబ్బ.. ఎక్సోజోములు ఆపుతాయా?

గుండెపోటు వచ్చిన మనిషికి పూడుకున్న రక్తనాళాన్ని తెరిచారు. నొప్పి తగ్గింది. గండం గడిచిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. చాలామందిలో అది నిజమే. కానీ అదే సమయంలో గుండె కండరం లోపల రెండో దెబ్బ ఒకటి పడుతుంటుంది. రక్తం అందక పడేది మొదటి దెబ్బ. ఆగిన రక్తం ఒక్కసారిగా తిరిగి రావటంతో పడేది రెండో దెబ్బ. దీన్ని ఆపే మందు కోసం పరిశోధకులు అరవై ఏళ్లకు పైగా వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలో ఇప్పుడు గట్టిగా వినిపిస్తున్న పేరు ఎక్సోజోములు.

ఈ పేరు పరిశోధనశాల దాటి మన ఫోన్లలోకీ వచ్చేసింది. ఒక్క ఇంజెక్షన్‌తో దెబ్బతిన్న గుండె మళ్లీ కొత్తదవుతుందని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. 'సార్, ఆ ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుద్ది? ఎకరం అమ్మైనా వేయిస్తాం' అని ఓపీలో అడుగుతున్నవారూ ఉన్నారు. అందుకే ముందే చెప్పేస్తున్నా. ఎక్సోజోముల పరిశోధన నిజం. అది ఇంకా మందు కాలేదన్నదీ నిజమే. గుండెపోటుకు గానీ పక్షవాతానికి గానీ మన దేశంలో అనుమతి పొందిన ఎక్సోజోమ్ చికిత్స ఏదీ లేదు. ఆ ఆశతో పొలం అమ్మొద్దు. మరి ఈ శాస్త్రం ఎక్కడిదాకా వచ్చింది? ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉండే మనకు దీంతో పనేంటి? ఒక్కొక్కటే చూద్దాం.

రెండో దెబ్బ ఎలా పడుతుంది?

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎండాకాలమంతా నీరు లేక పిల్లకాలువ గట్లు నెర్రెలు బారి ఉంటాయి. తూము ఒక్కసారిగా పూర్తిగా ఎత్తితే నీరు పొలానికి చేరకముందే గట్టు తెగిపోవచ్చు. అలాగని నీరు వదలకపోతే పైరే ఎండిపోతుంది.

మన కణాల్లో జరిగేదీ ఇలాంటిదే. రక్తం ఆగగానే ఆక్సిజన్ అందక కణంలో శక్తి తయారీ పడిపోతుంది. ఆమ్లం పేరుకుపోతుంది. సోడియం, క్యాల్షియం లోపలికి చొరబడతాయి. సరిగ్గా ఈ స్థితిలో ఆక్సిజన్ ఒక్కపెట్టున వచ్చి పడితే కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియా అదుపు తప్పుతాయి. విశృంఖల కణాలను పెద్దఎత్తున పుట్టిస్తాయి. వాటి ధాటికి మైటోకాండ్రియా పొరలే చిల్లులు పడతాయి. అప్పటిదాకా కొన ఊపిరితో ఉన్న కణం అక్కడితో చచ్చిపోతుంది. రక్తంతో పాటు వచ్చిన తెల్లకణాలు వాపును పెంచుతాయి. వెంట్రుక కన్నా సన్నగా ఉండే సూక్ష్మ రక్తనాళాలు వాచి పూడుకుపోతాయి. అందుకే కొందరిలో పెద్ద నాళం చక్కగా తెరుచుకున్నట్టు యాంజియోగ్రామ్‌లో కనిపిస్తుంది గానీ కండరానికి మాత్రం రక్తం చేరదు.

అమెరికాకు చెందిన రాబర్ట్ జెన్నింగ్స్ బృందం 1960లోనే కుక్కల గుండెల్లో ఈ మార్పులను గమనించింది. గుండెపోటులో చివరికి మిగిలే మొత్తం నష్టంలో సగం దాకా ఈ రెండో దెబ్బ వల్లే కావొచ్చని జంతు పరిశోధనల ఆధారంగా నిపుణులు అంచనా వేశారు. ఇందులో ఎక్కువ భాగం రక్తం తిరిగొచ్చిన తొలి కొద్ది నిమిషాల్లోనే జరిగిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇది చదివి 'అయితే రక్తనాళం తెరవకపోతేనే మేలేమో' అని మాత్రం అనుకోవద్దు. తెరవకపోతే కండరం మొత్తం పోతుంది. తెరిస్తే కొంత పోయినా చాలావరకు మిగులుతుంది. పైగా రక్తం ఎంత ఎక్కువసేపు ఆగితే రెండో దెబ్బ అంత బలంగా పడుతుంది.

గుండె ఒక్కదానికే కాదు

మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడితే పక్షవాతం వస్తుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలని నియమం పెట్టింది ఊరికే కాదు. ఆలస్యమైతే దెబ్బతిన్న నాళాల గోడల్లోంచి రక్తం మెదడులోకి చిమ్మే ముప్పు పెరుగుతుంది.

కాలికి రక్తం ఆగినా ఇంతే. కాలి కండరం సుమారు ఆరు గంటలు తట్టుకుంటుంది. ఆ తర్వాత రక్తం తిరిగొస్తే చచ్చిన కండరంలోని పొటాషియం, మయోగ్లోబిన్ ఒంట్లోకి వచ్చేస్తాయి. పొటాషియం గుండె లయను దెబ్బతీస్తుంది. మయోగ్లోబిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది.

మన అటవీ గ్రామాల్లో ఇది పాముకాటుతోనూ ముడిపడి ఉంది. కాటు వేసిన చోటికి పైన తాడుతోనో తువ్వాలతోనో బిగించి కట్టటం ఇప్పటికీ మానలేదు. విషం పైకి ఎక్కకూడదని కడతారు. గంటల తరబడి ఆ కట్టుతోనే ఆసుపత్రికి తెస్తారు. అసలే రక్తపింజర విషం కండరాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంటుంది. పైన కట్టు వల్ల కాలికి రక్తమూ అందదు. ఒక్కసారిగా కట్టు విప్పితే అటు ఆగి ఉన్న విషం, ఇటు చచ్చిన కండరంలోని పదార్థాలు కలిసి ఒంట్లోకి దూసుకొస్తాయి. అందుకే అసలు బిగించి కట్టొద్దు. ఇప్పటికే కట్టి ఉంటే దారిలో మీరు విప్పొద్దు. విషం విరుగుడు మందు సిద్ధం చేసుకుని డాక్టరే నెమ్మదిగా వదులు చేస్తారు.

ఇక గిరిజన గూడేల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు. కొడవలి ఆకారంలోకి మారిన ఎర్రకణాలు సూక్ష్మ రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. కాసేపటికి వదులుతాయి. మళ్లీ ఇరుక్కుంటాయి. అంటే వీరిలో రక్తం ఆగటం, తిరిగి రావటం జీవితాంతం సాగుతూనే ఉంటుంది. వీరి ఒళ్లునొప్పుల వెనక, అవయవాలు మెల్లగా దెబ్బతినటం వెనక ఈ రెండో దెబ్బ పాత్రా ఉంది. హైడ్రాక్సీయూరియా మాత్రలు ఇరుక్కోవటాన్నే తగ్గిస్తాయి. కాబట్టి రెండో దెబ్బా తగ్గుతుంది. నొప్పి లేదు కదా అని వీటిని మధ్యలో మానెయ్యొద్దు.

ఇంతకీ ఎక్సోజోములంటే?

మన కణాలు ఒకదానితో ఒకటి కబుర్లు చెప్పుకొంటాయి. అందుకు వాడే ఉత్తరాల్లాంటివే ఎక్సోజోములు. ప్రతి కణం సన్నటి పొరతో చుట్టిన చిన్న పొట్లాలను బయటికి వదులుతుంటుంది. వీటి సైజు 30 నుంచి 150 నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు అనుకోవచ్చు. వాటిలో ప్రోటీన్లు, కొవ్వులు, ఆర్ఎన్ఏ ముక్కలు ఉంటాయి. 1983లో కెనడా, అమెరికా పరిశోధకులు ఇంకా పూర్తిగా ముదరని ఎర్రరక్తకణాల్లో వీటిని గమనించారు. 1987లో ఎక్సోజోమ్ అనే పేరు వచ్చింది. కణం తనకు అక్కర్లేని చెత్తను పారేసే సంచులివని చాలాకాలం అనుకున్నారు. వీటిలో జన్యు సమాచారం మోసే ఆర్ఎన్ఏ ఉందనీ, అది మరో కణంలోకి చేరి పనిచేస్తుందనీ 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించాక కథ మారిపోయింది.

గుండెకూ వీటికీ సంబంధం మూలకణాల ద్వారా కుదిరింది. మూలకణాలను గుండెలోకి ఎక్కిస్తే కొత్త కండరం పుడుతుందని ఒకప్పుడు ఎంతో ఆశపడ్డారు. ఎక్కించిన కణాల్లో చాలావరకు కొద్ది రోజుల్లోనే చనిపోయాయి. అయినా జంతువుల్లో కొంత మేలు కనిపించింది. అంటే మేలు చేసింది కణాలు కాదు, అవి వదిలిన పదార్థాలే అయ్యుండాలి. 2010లో సింగపూర్, నెదర్లాండ్స్ పరిశోధకులు మూలకణాలు వదిలిన ఎక్సోజోములను విడిగా తీసి ఎలుకలకు ఇచ్చారు. రక్తం తిరిగొచ్చాక గుండె కండరంలో జరిగే నష్టం తగ్గింది. ఆ తర్వాత మెదడు, కిడ్నీ, కాలేయం, కాలి కండరాల మీదా ఇలాంటి జంతు పరిశోధనలు చాలా వచ్చాయి. వాపు తగ్గటం, కణాల చావు తగ్గటం, కొత్త రక్తనాళాలు మొలకెత్తటం.. వీటన్నిటినీ చూశారు.

ఎలుక నుంచి మనిషికి ఎందుకు రాలేదు?

ఇక్కడే ఆగి ఆలోచించాలి. రెండో దెబ్బను ఆపే మందులు ఎలుకల్లో గెలిచి మనుషుల్లో ఓడిపోవటం కొత్త కాదు. సైక్లోస్పోరిన్ మందును 970 మంది గుండెపోటు బాధితులతో పరీక్షించి, 2015లో ఫలితాలు ప్రకటించారు. ప్రయోజనం కనపడలేదు. చేతికి బీపీ పట్టీ బిగించి, వదిలి, మళ్లీ బిగిస్తే గుండెకు రక్షణ కలుగుతుందన్న పద్ధతిని 5,401 మందిలో పరీక్షించారు. 2019లో వచ్చిన ఆ ఫలితమూ నిరాశే.

ఎందుకిలా? ప్రయోగంలో వాడే ఎలుక వయసులో ఉంటుంది. దానికి షుగరు, బీపీ, బీడీ అలవాటు ఏమీ ఉండవు. దాని రక్తనాళాన్ని కొలిచినట్టు కాసేపు కట్టి విప్పుతారు. మందును సరిగ్గా ఆ క్షణానికి ఇస్తారు. మా దగ్గరికి వచ్చే మనిషి అలా ఉండడు. అరవై ఏళ్ల వయసు, పదేళ్ల షుగరు, నొప్పి మొదలై ఆరు గంటలు. అప్పటికి కాపాడటానికి మిగిలిన కండరమే తక్కువ.

ఎక్సోజోములకు సొంత చిక్కులూ ఉన్నాయి. నరంలోకి ఎక్కిస్తే చాలావరకు కాలేయం, ప్లీహమే లాగేసుకుంటాయి. గుండెకు చేరేది కొంచెమే. ఏ కణాల నుంచి తీశారు, ఎలా పెంచారు, ఎలా శుద్ధి చేశారన్న దాన్నిబట్టి ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉంటుంది. పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు అంటే దేశమంతా ఒకటే. ఎక్సోజోములకు అలాంటి కొలమానం ఇంకా కుదరలేదు. నిల్వకు సాధారణంగా సున్నాకు 80 డిగ్రీల దిగువన చల్లదనం కావాలి. కరెంటు పోతే వ్యాక్సిన్ల ఫ్రిజ్ కోసమే కంగారు పడే ఏజెన్సీ పీహెచ్‌సీలో అది ఎలా సాధ్యం? పొడి రూపంలోకి మార్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అవి ఫలిస్తేనే ఇలాంటి మందు అడవి దాకా వస్తుంది.

మనుషుల మీద ప్రయోగాలు అసలు లేవని కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ప్లేట్‌లెట్ల నుంచి తీసిన ఎక్సోజోములను గుండెపోటు బాధితులకు ఇచ్చి చూసే తొలిదశ ప్రయోగాన్ని చేపట్టారు. ఇరాన్‌లో తీవ్రమైన పక్షవాతం వచ్చిన ఐదుగురికి ఎక్సోజోములను నేరుగా మెదడులోకి ఇచ్చి చూశారు. ఇవి 'ఇస్తే ప్రమాదం ఉందా?' అని తేల్చుకునే దశలు. 'ఇస్తే ప్రాణం నిలుస్తుందా?' అని తేలాలంటే వేలమందితో పరీక్ష జరగాలి.

ఈ రంగానికి ఒక చేదు పాఠం కూడా ఉంది. గుండెలోనే మూలకణాలున్నాయని, వాటితో కండరాన్ని మళ్లీ పెంచవచ్చని చెప్పిన ఒక ప్రముఖ ప్రయోగశాలకు చెందిన 31 పరిశోధన పత్రాలను ఉపసంహరించాలని 2018లో హార్వర్డ్ వైద్య కళాశాలే పత్రికలను కోరింది. వాటిలో తప్పుడు లేదా కల్పిత సమాచారం ఉందని విచారణలో తేలింది. ఆశ ఎంత పెద్దదైతే ఆధారాన్ని అంత గట్టిగా అడగాలి.

మందు రాకముందే అమ్మకం

ఆధారం అడగకుండానే అమ్మకం మాత్రం మొదలైంది. జుట్టుకు, ముఖానికి, మోకాళ్లకు ఎక్సోజోములంటూ నగరాల్లో ప్రకటనలు కనిపిస్తున్నాయి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఇలాంటి ఉత్పత్తులు తీసుకున్నవారు తీవ్ర దుష్ప్రభావాల పాలయ్యారు. దీంతో 2019 డిసెంబరులో ఆ దేశ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. తాము ఏ ఎక్సోజోమ్ ఉత్పత్తికీ అనుమతి ఇవ్వలేదని స్పష్టం చేసింది. మన దగ్గరా భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు, రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడిని తప్ప మిగతా మూలకణ చికిత్సలన్నింటినీ అనుమతి పొందిన ప్రయోగాల్లోనే చేయాలంటున్నాయి.

ఎవరైనా మీకు ఎక్సోజోమ్ చికిత్స చేస్తామంటే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

• ఇది ప్రయోగమా, చికిత్సా? ప్రయోగమైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య చెప్పండి. 2009 జూన్ నుంచి ఈ నమోదు తప్పనిసరి.

• ఎథిక్స్ కమిటీ అనుమతి, నాకు తెలిసిన భాషలో అంగీకార పత్రం ఉన్నాయా?

• ప్రయోగమైతే నా దగ్గర డబ్బులెందుకు తీసుకుంటున్నారు? దానివల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. మీరు ఇస్తారా?

• సీసా మీద ఏ లైసెన్సు ఉంది? ముఖానికి రాసుకునే క్రీముకిచ్చే లైసెన్సు, నరంలోకి ఎక్కించే మందుకు అనుమతి కాదు.

వీటికి సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

మనకున్న అసలు మందు.. సమయం

ఇందాక చెప్పింది గుర్తుంది కదా? రెండో దెబ్బలో ఎక్కువ భాగం రక్తం తిరిగొచ్చిన తొలి నిమిషాల్లోనే పడుతుంది. కాబట్టి రేపు నిజంగా పనిచేసే ఎక్సోజోమ్ మందు వచ్చినా దాన్ని నాళం తెరిచే సమయానికే ఇవ్వాలి. కాపాడటానికి కండరం మిగిలి ఉండాలి. అంటే ఆ మందు కూడా త్వరగా వచ్చినవారికే పనిచేస్తుంది. ఆలస్యానికి విరుగుడు ఏ ప్రయోగశాలలోనూ తయారుకాదు.

లెక్కలు చూడండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను నొప్పి మొదలైన గంటలోపు ఇస్తే ప్రతి వెయ్యిమందిలో అదనంగా 65 మంది బతికారు. ఒకటి, రెండు గంటల మధ్య ఇస్తే 37 మంది. రెండు, మూడు గంటల మధ్య ఇస్తే 26 మంది. 1996లో పాత అధ్యయనాలన్నీ కలిపి తేల్చిన లెక్క ఇది. ఆస్పిరిన్ మాత్ర ఒక్కటే గుండెపోటు మరణాలను 23 శాతం తగ్గించిందని 1988లో 17,187 మందితో చేసిన అధ్యయనం చెప్పింది. ఆస్పిరిన్, గడ్డ కరిగించే మందు రెండూ కలిస్తే 42 శాతం తగ్గాయి. ఇంత గట్టి ఆధారం ఎక్సోజోములకు రావటానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో!

మరి మనం ఎంత త్వరగా వస్తున్నాం? 2001-05 మధ్య దేశంలోని 89 ఆసుపత్రుల్లో 20 వేల మందికి పైగా గుండె రోగులను పరిశీలించారు. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రికి చేరటానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. అంటే ఆరు గంటలు. నెల రోజుల్లోపు మరణాలు పేదల్లో 8.2 శాతం, సంపన్నుల్లో 5.5 శాతం. పేదలకు సరైన చికిత్స తక్కువగా అందటమే ఈ తేడాకు ముఖ్య కారణమని ఆ అధ్యయనం తేల్చింది.

ఇక మన నేల చూడండి. చర్ల నుంచి భద్రాచలం సుమారు 60 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఖమ్మం మరో 120. రోడ్డు బాగున్న రోజునే మూడున్నర, నాలుగు గంటల ప్రయాణం. సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్, ఆంధ్ర మన్యం పల్లెల నుంచీ భద్రాచలానికే వస్తారు. వానాకాలం గోదావరి పొంగితే దారులే మూసుకుపోతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని గుర్తు చేసుకుంటే ఆ రోజులు ఎలాంటివో తెలుస్తుంది. అలాంటప్పుడు ఎవరికైనా గుండెపోటు వస్తే ఖమ్మంలో క్యాథ్‌ల్యాబ్ ఉన్నా అందదు.

ఇలాంటి చోట్లకు పనికొచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ చేసే చోటికి చేరలేకపోతే, దగ్గరి ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేయాలి. ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపాలి. తమిళనాడులో చిన్న ఆసుపత్రులను క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఆసుపత్రులతో ఇలా కలిపి చూశారు. ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయని 2017లో ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2023లో 'స్టెమీ' పేరుతో ఇలాంటి పథకం మొదలైంది. గడ్డ కరిగించే ఖరీదైన టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్‌ను ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు.

కాబట్టి మనం అడగాల్సింది ఏమిటి? అడవి అంచున ఉన్న ప్రతి పీహెచ్‌సీలో రాత్రి కూడా ఈసీజీ తీసే మనిషి. ఆ ఈసీజీని ఫోన్లో చూసి వెంటనే జవాబిచ్చే గుండె డాక్టరు. దగ్గరి ఆసుపత్రిలో గడ్డ కరిగించే మందు నిల్వ. వరదకు ముందే అవతలి ఒడ్డున సిద్ధంగా ఉంచిన అంబులెన్స్. ఇవన్నీ నేడే సాధ్యమయ్యేవి. ప్రజాప్రతినిధులు ఊళ్లోకి వచ్చినప్పుడు రోడ్డు, కల్వర్టులతో పాటు ఇవీ అడగండి.

మీరు చేయాల్సినవి

• ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం పావుగంటైనా తగ్గకపోతే గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. షుగరు ఉన్నవారికి, ఆడవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసమే ఉండొచ్చు.

• ఆస్పిరిన్ పడదని, కడుపులో రక్తస్రావమైందని గతంలో డాక్టరు చెప్పి ఉండకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగొచ్చు. మూతి వంకర, మాట తడబాటు, చేయి పడిపోవటం వంటి పక్షవాతం లక్షణాలుంటే మాత్రం ఆస్పిరిన్ ఇవ్వొద్దు. ముందు స్కాన్ తీయాలి.

• నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

• ఇంజెక్షన్ ఇచ్చాక నొప్పి పోయిందని ఇంటికి వెళ్తామనొద్దు. రక్తం తిరిగొచ్చే సమయంలోనే గుండె లయ తప్పొచ్చు. మానిటర్ మీద పెట్టేది అందుకే. యాంజియోగ్రామ్‌కు పంపితే తప్పక వెళ్లండి. అర్హులకు ఆరోగ్యశ్రీ ఉంది.

• పాము కరిస్తే బిగించి కట్టొద్దు, కోయొద్దు. కడియాలు, మెట్టెలు, ఉంగరాలు తీసేయండి. కాలో చెయ్యో కదలకుండా బద్దతో వదులుగా కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎక్సోజోముల పరిశోధన సాగాలి. మన దేశంలోనూ జరగాలి. ఏదో ఒకరోజు అది మంచి మందు అవుతుందేమో కూడా. ఆ రోజు వచ్చేదాకా రెండో దెబ్బను తగ్గించే దారి, మొదటి దెబ్బ పడే సమయాన్ని తగ్గించటమే. దానికి కావాల్సినవి ఒక ఈసీజీ యంత్రం, ఒక ఇంజెక్షన్, ఆలస్యం చేయకుండా ఇంట్లోంచి బయల్దేరే మనిషి.